లెన్సు తీయించిన ఫొటో

రేంజ్‌ఫైండర్ కెమెరాలు వాడేవాళ్ళు నలుగురు ఒకచోట కూర్చుంటే, టీ వచ్చేలోపే మాట లెన్సుల మీదికి వెళ్ళిపోతుంది. ఏది ఎక్కువ షార్ప్ అన్నది పెద్ద చర్చేమీ కాదు. దానికి గ్రాఫులున్నాయి, చూసి తేల్చేసుకోవచ్చు. తేలని ప్రశ్న ఇంకోటి ఉంది. ఏ లెన్సు పెట్టుకుంటే ఆదివారం పొద్దున్నే లేచి, బయటికి వెళ్ళి, ఫొటోలు తీయాలనిపిస్తుంది? ఒకరు యాభై ఏళ్ళ నాటి లైకా సమ్మిక్రాన్ అంటారు. ఇంకొకరు, నాలాగా జీతం చూసుకుని ఖర్చు పెట్టేవాళ్ళు, సోవియట్ కాలపు జుపిటర్-8 అంటారు. "అది పెట్టినమంటే సాలు భయ్యా, అదే నాతోటి తీయిస్తది" అంటాడు నా ఫ్రెండొకడు.

తీయిస్తది. ఈ క్రియ నాకు బాగా నచ్చింది, కొంచెం భయపెట్టింది కూడా. స్కూల్లో ప్రేరణార్థక క్రియలు చదువుకున్నాం కదా: చేయు, చేయించు, వ్రాయు, వ్రాయించు. ఇన్‌స్పిరేషన్ అన్నదానికి మనం వాడే మాటా ప్రేరణే. మన వ్యాకరణం లెక్కలో ప్రేరణంటే మనసులో ఏదో మెరవడం లాంటిదేమీ కాదు. ఒకరు చేసే పనిని వెనక నిలబడి ఇంకొకరు చేయించడం, మేస్త్రీ కూలీలతో గోడ కట్టించినట్టు. మరి లెన్సు నాతో ఫొటో తీయించిందంటే, ఆ ఫొటోకి జవాబుదారీ ఎవరు? పైగా ఇదే క్రియకి మనకి మూడో రూపం కూడా ఉంది. నేను తీశాను, లెన్సు తీయించింది, ఆయన తీయించుకున్నాడు. లెన్సుల కబుర్లలో మొదటి రెండే వినిపిస్తాయి. మూడోదానికీ లెన్సుకీ సంబంధం ఏమిటని ఎవరైనా అడిగితే, చాలా ఉందని నా వాదన.

ముందు ఈ కెమెరా ఎలా పనిచేస్తుందో చెప్పాలి, ఎందుకంటే తిరకాసంతా అక్కడే ఉంది. మామూలు ఎస్సెల్లార్ కెమెరాలో మన కంటికి కనిపించేది లెన్సులోంచి వచ్చిన బొమ్మే. లోపలి అద్దం మీద పడి పైకొస్తుంది. రేంజ్‌ఫైండర్‌లో కన్ను లెన్సులోంచి చూడదు. కెమెరా మూలన ఉండే వేరే చిన్న కిటికీలోంచి చూస్తుంది. కాస్త ఎడంగా ఇంకో కిటికీ ఉంటుంది. రెండు కిటికీల బొమ్మలూ మధ్యలో ఒక చిన్న మచ్చ దగ్గర ఒకదానిమీద ఒకటి పడతాయి. లెన్సు మీది రింగు తిప్పుతూ పోతే విడివిడిగా ఉన్న ఆ రెండు బొమ్మలూ దగ్గరికి జరిగి ఒక్కటవుతాయి. అంతే, ఫోకస్ కుదిరినట్టు. 1954లో వచ్చిన లైకా ఎం3లో, పెట్టిన లెన్సుని బట్టి దానికి తగ్గ తెల్లటి గీతల చట్రం కిటికీలో దానంతటదే వచ్చేది. తర్వాత వచ్చిన రేంజ్‌ఫైండర్లు ఎక్కువగా ఆ దారినే నడిచాయి. నా దగ్గరున్నది సెకండ్ హ్యాండ్ వోక్ట్‌లాండర్ బెస్సా ఆర్2ఎ. దాంట్లో ఆ గీతల్ని చేత్తో ఒక మీట జరిపి మార్చుకోవాలి.

దీని పర్యవసానం ఏమిటంటే, లెన్సు మార్చినా నాకు కనిపించేది మారదు. 35 ఎం.ఎం. పెట్టినా 90 ఎం.ఎం. పెట్టినా కిటికీలో అదే వీధి, అదే సైజులో ఉంటుంది. మారేది గీతల చట్రమొక్కటే. 90కి అది మధ్యలో అగ్గిపెట్టెంత అయిపోతుంది. లక్షలు పోసి ఎఫ్/0.95 నోక్టిలక్స్ కొన్నా, వెనకాల దీపాలన్నీ వెన్నలా కరిగిపోయే ఆ మసకని ఫిల్ము కెమెరాలో తీసేటప్పుడు చూడలేం. కిటికీలో అన్నీ స్పష్టంగానే కనిపిస్తాయి. లెన్సు చేసిన పని తెలిసేది రోలు కడిగించాకే. మనం ఇంతగా మాట్లాడుకునే ఆ 'క్యారెక్టర్', 'రెండరింగ్' ఉన్నాయే, అవి షట్టర్ నొక్కే క్షణంలో మనకి కనిపించనే కనిపించవు.

మరి కనిపించనిది ప్రేరేపించేదెలా?

వస్తువు మీది మోజు అని ఒక జవాబు. ఇత్తడి బరువు, అపర్చర్ రింగు టిక్కుటిక్కుమనడం, పాత గాజు మీది ఊదారంగు పూత. దీన్ని నేను తీసిపారేయను. కొత్త పెన్ను కొంటే కథ రాసేస్తామనుకునే జాతే మనది. కాకపోతే ఆ మోజు రెండు మూడు రోళ్ళకి మించి నిలవదు.

నిలిచే జవాబు చేతిలో ఉంది. నా 35 ఎం.ఎం. కలర్ స్కోపార్‌కి కింద వేలు ఆనే చిన్న కొమ్ము ఉంటుంది. కొన్ని నెలలు వాడితే చూపుడువేలికి దూరాలు కంఠతా వచ్చేస్తాయి. కొమ్ము ఇటుంటే మీటరు, నిట్టనిలువుగా ఉంటే ఇంత, అటుంటే అంత. కెమెరా కంటి దాకా రాకముందే ఫోకస్ అయిపోతుంది. తర్వాత కాళ్ళు నేర్చుకుంటాయి. ఎదురుగా ఒక మనిషిని చూడగానే ఎక్కడ ఆగాలో నా కాళ్ళకి తెలుస్తుంది. లెన్సు నాతో తీయించే ఫొటో అంటే ఇదేననుకుంటాను. అది నాకు ఒక దూరం అలవాటు చేసింది. ఆ దూరంలోకి ప్రపంచం రాగానే వేలు కదులుతుంది.

ఈ దూరాన్ని లెక్కగట్టవచ్చు. (ఇంజనీరింగ్ చదివినందుకు ఈమాత్రమైనా పనికి రావాలి.) ఫిల్ము ఫ్రేము 24 బై 36 మిల్లీమీటర్లు. కెమెరా నిలువుగా పట్టుకుని 1.7 మీటర్ల ఎత్తు మనిషిని ఫ్రేము నిండా పెట్టాలంటే 90 ఎం.ఎం.తో నాలుగుంబావు మీటర్ల దూరంలో నిలబడాలి. 50తో సుమారు 2.4. 35తో 1.65. 28తో అయితే 1.3 మీటర్లే. ఎడ్వర్డ్ హాల్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త 1966లో 'ది హిడెన్ డైమెన్షన్' అనే పుస్తకంలో మనుషుల మధ్య దూరాల్ని నాలుగు రకాలుగా విడదీశాడు. 45 సెంటీమీటర్లలోపు ఆత్మీయులది, 1.2 మీటర్ల దాకా తెలిసినవాళ్ళది, 3.6 దాకా పనిమీద కలిసేవాళ్ళది, ఆపైన బహిరంగం. నా లెక్క పక్కన పెట్టి చూస్తే 90 బహిరంగంలో పడింది. 50, 35 పనిమీద కలిసేవాళ్ళ దూరంలో పడ్డాయి. 28 తెలిసినవాళ్ళ గుమ్మం దాకా వచ్చింది. హాల్ గమనించింది ఎక్కువగా అమెరికా మధ్యతరగతి వాళ్ళని. పొద్దున్న తొమ్మిదింటికి అమీర్‌పేటలో మెట్రో ఎక్కినవాడికి 45 సెంటీమీటర్ల ఆత్మీయత గురించి చెప్తే నవ్వుతాడు. అయినా లెక్క వెనకున్న సంగతి నిలుస్తుంది. లెన్సు ఎంచుకోవడమంటే మనుషులకి ఎంత దూరంలో నిలబడతావో ఇంట్లో కూర్చుని ముందే నిర్ణయించుకోవడం. వాళ్ళని అడగకుండా.

ఈ కళలో పెద్దవాళ్ళు ఈ అడగకపోవడాన్ని దాచుకోలేదు. కార్టియర్-బ్రెస్సాన్ తన జీవితంలో ఎక్కువ భాగం 50 ఎం.ఎం. లెన్సుతోనే గడిపాడు. మెరిసి నలుగురి కళ్ళలో పడకుండా కెమెరా లోహం మీద నల్ల టేపు అంటించుకునేవాడు. 1952లో వచ్చిన ఆయన పుస్తకం ఇంగ్లీషు పేరు 'ది డిసైసివ్ మొమెంట్' అందరికీ తెలుసు. ఫ్రెంచి పేరు 'ఇమాజ్ అ ల సోవెత్'. లైసెన్సు లేకుండా ఫుట్‌పాత్ మీద సరుకు పరిచి, పోలీసు కనబడగానే మూట కట్టుకుని పరిగెత్తే వ్యాపారి గురించి వాడే మాట అది. ఆ పేరులో నిజాయితీ ఉంది. ఇంగ్లీషు పేరు దానికి వేదాంతం తొడిగింది. 1948 జనవరి 30 రాత్రి బిర్లా హౌస్ గేటు దగ్గర, గాంధీ చనిపోయారని నెహ్రూ జనానికి చెప్తున్న ఫొటో ఆయనదే. చీకటి, అలుక్కుపోయిన వెలుగు, స్పష్టత తక్కువ. ఏ లెన్సు టెస్టులోనూ పాసవని బొమ్మ. దాన్ని వద్దనుకునే ధైర్యం నాకైతే లేదు. అక్కడ ఎవరి అనుమతీ అడిగే ప్రసక్తి లేదు కూడా.

ప్రేరణ దానంతటదే మంచిదని అనుకునేవాళ్ళు గ్యారీ వినోగ్రాండ్‌ని తల్చుకోవాలి. న్యూయార్క్ వీధుల్లో 28 ఎం.ఎం. పెట్టుకుని జనంలోకి నడుచుకుంటూ వెళ్ళిపోయేవాడు. ఆ లెన్సుతో ఎఫ్/8 పెట్టి, రెండున్నర మీటర్ల దగ్గర ఫోకస్ వదిలేస్తే, మీటరున్నర నుంచి పది మీటర్ల దాకా పనికొచ్చే స్పష్టత ఉంటుంది. ఇక ఫోకస్ చేయాల్సిన పనే లేదు, ఆగాల్సిన పనీ లేదు. 1984లో చనిపోయేనాటికి ఆయన దగ్గర తీసేసి కడగని రోళ్ళు దాదాపు 2,500 ఉన్నాయి. రోలుకి 36 వేసుకుంటే తొంభై వేల ఫొటోలు, ఆయనే చూసుకోనివి. ఆయన తొలి పని నాకు చాలా ఇష్టం. కానీ ఆ తొంభై వేలు తల్చుకుంటే, తీయించే శక్తి మాత్రమే మిగిలి, తీసే మనిషి ఎటో వెళ్ళిపోయినట్టనిపిస్తుంది.

ఇప్పుడు నా సంగతి. కూకట్‌పల్లి వైపు మా కాలనీకి దగ్గర్లో ఒక కూలీల అడ్డా ఉంది. పొద్దున్న ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా రోడ్డు పక్కన వందమంది దాకా నిలబడి ఉంటారు. టిఫిన్ డబ్బాలు, పారలు, తాపీలు, సున్నం బ్రష్‌లు. కొందరు పాలమూరు వైపు నుంచి, కొందరు శ్రీకాకుళం నుంచి. ఫొటోలు తీసేవాళ్ళకి ఇలాంటి చోటు ఎంత నోరూరిస్తుందో చెప్పక్కర్లేదు: పక్కవాటు ఎండ, ముఖాలు, ఎదురుచూపు. నేను 35 పెట్టుకుని, కెమెరా ఇంకా భుజానే ఉండగా, లెన్సు నాకు నేర్పిన దూరానికి నడిచాను. మూడు మీటర్ల దూరంలో ఉండగానే ఆరుగురు లేచొచ్చారు.

"ఎంతమంది గావాలె సార్? స్లాబ్ పనా, మట్టి పనా?"

అడ్డా దగ్గరికి నడిచొచ్చి మొహంలోకి చూసేవాడు పనిచ్చేవాడే అయ్యుండాలి. అక్కడ 1.65 మీటర్లంటే హాల్ చెప్పిన దూరం కాదు, ఒక రోజు కూలి. పని లేదని, ఫొటోలు తీస్తుంటానని వెంటనే చెప్పాను. నలుగురు మారుమాట లేకుండా వెనక్కి వెళ్ళిపోయారు. వాళ్ళు నిలబడి ఉండడం కాలక్షేపం కాదు, అదీ పనే. ఎవరి మొహాల్లోనూ కోపం లేదు. ఒక్క నిమిషం పాటు ఉన్నదేదో లేకుండా పోయిందంతే.

ఇక్కడ 90 ఎం.ఎం. తరఫున గట్టి వాదన ఉంది. నా బ్యాగులో అదీ ఉంది, రోడ్డు దాటి అవతలి టీ కొట్టు దగ్గర నిలబడితే సరిపోయేది. ఎవరికీ ఆశ పుట్టదు, ఎవరి టైమూ పోదు, నా వల్ల వాళ్ళకి పైసా నష్టం లేదు. ఎవరికీ తెలియని చోట హాని ఎక్కడుంది? నేను ఈ వాదనతో చాలా రోజులు గడిపాను. నాకు అడ్డం పడేది ఒక్కటే. అటువైపు నుంచి వాళ్ళు నాకు వద్దని చెప్పలేరు. చెప్పాలని వాళ్ళకి తెలియను కూడా తెలియదు. నష్టం లేకపోవడం, వద్దనే వీలు లేకపోవడం ఒకటి కావు. సాఫ్ట్‌వేర్‌లో ఈ తేడా మాకు రోజూ ఎదురయ్యేదే. యూజర్ డేటా తీసుకుంటాం, యూజర్‌కేమీ నష్టం లేదంటాం, ఎక్కడో కింద చిన్నక్షరాల్లో రాస్తాం. ఆఫీసులో ఆ మాట మీద నేను మీటింగుల్లో వాదిస్తాను. ఆదివారం నాడు వేరే మనిషినవడం ఎలా?

మేరీ ఎలెన్ మార్క్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫర్ బొంబాయి ఫాక్లండ్ రోడ్డులో వేశ్యావాటికల్ని ఫొటోలు తీయాలని పదేళ్ళపాటు వచ్చినప్పుడల్లా ప్రయత్నించింది. అక్కడి ఆడవాళ్ళు ఆమె మీద చెత్త విసిరారు, నీళ్ళు కుమ్మరించారు. 1978లో మళ్ళీ వచ్చి, అక్కడే తిరుగుతూ, ఒక్కొక్కరితో పరిచయం పెంచుకుని తీసింది. 1981లో పుస్తకం వచ్చింది. ఆ ముఖాలు అలా దూరదేశాల పుస్తకాల షాపుల్లోకి వెళ్ళాల్సిందేనా అన్నది నాకింకా తేలలేదు. నాకు ముఖ్యమనిపించేది ఆ చెత్త. విసిరితే తగిలేంత దూరంలో ఆమె నిలబడింది కాబట్టే వాళ్ళ 'వద్దు' ఆమెకి చేరింది. అవతలి మేడ మీంచి పెద్ద టెలిఫొటో పెట్టినవాడికి ఏ చెత్తా తగలదు.

దగ్గరికెళ్ళినంత మాత్రాన అంతా చక్కబడిపోతుందని కూడా అనను. నేను సార్‌ని. నా కాలనీ గేటు దగ్గర సెక్యూరిటీ ఉంటాడు. నేను ఆ అడ్డాలో ఒక మేస్త్రీ మొహానికి మీటరున్నర దూరంలో నిలబడగలను. ఆయన ఓ ఆదివారం చేతిలో కెమెరాతో మా అపార్ట్‌మెంట్ పార్కులోకి వచ్చి, మా ఆవిడకి మీటరున్నర దూరంలో నిలబడగలడా? గేటు దాటనివ్వరు. ఎవరు ఎవరికి ఎంత ఎడంగా నిలబడాలో పుట్టుకని బట్టి గీత గీసిన ఊళ్ళు మనవి. బావి దగ్గర ఎంత దూరం, గుడి దగ్గర ఎంత దూరం, అన్నీ లెక్కలే. అలాంటి చోట 'దగ్గరికెళ్ళి తీయి, ఇంకా దగ్గరికెళ్ళి తీయి' అని యూట్యూబ్‌లో ఎవరో చెప్తే, ఆ దగ్గరితనం ఎవరి సొత్తో ఒకసారి అడగాలి. హైదరాబాదులోనే రాజా దీన్‌దయాళ్ 1892లో పరదాలో ఉండే స్త్రీల కోసం ప్రత్యేకంగా జెనానా స్టూడియో పెట్టాడు. దాన్ని నడిపింది ఒక బ్రిటిష్ మహిళ. అక్కడ లెన్సు మార్చి ఉపయోగం లేదని, కెమెరా వెనకున్న మనిషినే మార్చాలని ఆయనకి తెలుసు. అది వ్యాపారమే, అందులో ఉదారత్వం వెతకను. కానీ డబ్బిచ్చి, లోపలికొచ్చి, కూర్చుని తీయించుకున్నారు వాళ్ళు. ఆ క్రియ వాళ్ళది.

అడ్డాలో ఆరుగురిలో నలుగురు వెళ్ళారన్నాను. ఐదో ఆయన కాసేపు చూసి వెళ్ళాడు. ఆరో ఆయన వెళ్ళలేదు. యాభై దాటిన మేస్త్రీ.

"పేపర్ల వస్తదా సార్?"

"రాదండి."

"మరెందుకు?"

"నాకిష్టం, అందుకని."

ఆయన నవ్వాడు. "మంచిగున్నది. అట్లయితే నాది గూడ ఒకటి తియ్యుండ్రి." చొక్కా పైగుండీ పెట్టుకున్నాడు, సంచిలోంచి తాపీ తీసి ఛాతీకి అడ్డంగా పట్టుకున్నాడు, వెనక ఆగి ఉన్న ఆటో పడకుండా తనే పక్కకి జరిగాడు. నేను నా దూరంలో నిలబడి కెమెరా ఎత్తాను. చేయడ్డం పెట్టాడు. "ఇంకింత ఎనకకు వోండ్రి సార్, కాళ్ళు తెగుతయి. చెప్పులు గూడ రావాలె." రెండడుగులు వెనక్కి వేశాను. ఇంకో అడుగు వేయించాడు. కొమ్ము మీద వేలు మళ్ళీ జరపాల్సొచ్చింది.

వీధి ఫొటోల లెక్కలో ఆ ఫొటోకి మార్కులు పడవు. బిగుసుకుపోయి, స్కూలు గ్రూప్ ఫొటోలో మాస్టారిలా ఉన్నాడు. కదలిక లేదు, 'క్షణం' లేదు. మా ఫ్రెండ్ చూసి "దీనికి స్కోపార్ ఎందుకురా, ఫోన్ సాలదా" అన్నాడు. మాట నిజమే. నాకు మాత్రం అందులో ఇష్టమైనది ఆ దూరం. అది నా లెన్సు ఎంచినది కాదు. నా లెన్సు ఎంచిన దూరం ఆయనకి నచ్చలేదు. గొంతు పెంచకుండా, మామూలుగా, ఆ సంగతి నాకు చెప్పగలిగాడు.

నన్నడిగితే, ఏ లెన్సు పెట్టుకుంటే తీయాలనిపిస్తుంది అన్న ప్రశ్నకి నా మట్టుకు నేను ఇంకో షరతు కలుపుకున్నాను: మాట వినిపించేంత దూరంలో ఉంచే లెన్సు. నా చేతికి అది 35. కొందరికి 50 అవుతుంది, గొంతు పెద్దదైతే. 28 నాకు సరిపడలేదు. దాంతో మనిషి నోరు తెరిచేలోపే ఫొటో అయిపోతుంది, నేను దాటిపోతాను. దానికి ఫోకస్‌తో కూడా పనిలేకపోవడమే నాకు ఇబ్బంది. రెండు బొమ్మలూ ఒక్కటయ్యేదాకా ఆగాల్సిన ఆ అర సెకను, ఎదుటివాళ్ళకి నన్ను చూడ్డానికి దొరికే అర సెకను కూడా. ఈ లెక్కన చాలా మంచి ఫొటోలు నా చేతికి రావు. వచ్చే ఏడాది కూడా రావు. ఒక్కోసారి టీ కొట్టు దగ్గర నిలబడి, అవతల ఎండ పడుతున్న ముఖాల్ని చూస్తూ, కెమెరా భుజాన ఉంచుకునే ఊరుకోవడం కష్టంగానే ఉంటుంది.

90ని అమ్మలేదు. మా అక్క కూతురు రవీంద్రభారతిలో కూచిపూడి చేసినప్పుడు పన్నెండో వరసలోంచి దాంతోనే తీశాను. కిటికీలో అగ్గిపెట్టెంత చట్రం, అందులో అంతకంటే చిన్న పిల్ల. ఇంటికొచ్చాక ముందు అడిగింది, "మామయ్యా, నా కాళ్ళు వచ్చాయా?" అని.